కెర్విల్ కొండల్లో పాటల తిరునాళ్లు

మా కెర్విల్ మొదటినుంచీ వచ్చేపోయేవాళ్ల మీద బతికిన ఊరు. టెక్సస్‌లో శాన్ ఆంటోనియో నుంచి వాయవ్యంగా ఓ వంద కిలోమీటర్లు వస్తే, సున్నపురాతి గుట్టల మధ్య, గ్వాడలూప్ నది ఒడ్డున ఉంటుంది. 2020 జనాభా లెక్కల్లో 24,278 మందిమి తేలాం. 1840లలో జాషువా బ్రౌన్ అనే ఆయన నది వెంట ఉన్న సైప్రస్ చెట్లు కొట్టి, ఇళ్ల కప్పులకి చెక్కపెంకులు చేసి అమ్ముకుందామని వచ్చి ఇక్కడ దిగాడు. ఊరికి తన స్నేహితుడు జేమ్స్ కెర్ పేరు పెట్టాడు. తర్వాత చార్లెస్ ష్రైనర్ 1869లో కొట్టు తెరిచి, గొర్రెల ఉన్నీ అంగోరా మేకల బొచ్చూ కొని అమ్మి ఊరికి డబ్బు మొహం చూపించాడు. 1887లో రైలొచ్చింది. రైలెక్కి దగ్గు కూడా వచ్చింది.

ఇక్కడి పొడిగాలి క్షయరోగులకి మంచిదని ఆ రోజుల్లో డాక్టర్లు నమ్మేవాళ్లు. శానిటోరియంలు లేచాయి. మొదటి ప్రపంచయుద్ధంలో ఊపిరితిత్తులు పాడుచేసుకుని వచ్చిన సైనికులకి కట్టిన క్షయ ఆసుపత్రే పెరిగి పెరిగి ఇప్పటి వెటరన్స్ ఆసుపత్రి అయింది. 1920లలో నదికి ఎగువన, హంట్ వైపు, పిల్లల వేసవి క్యాంపులు మొదలయ్యాయి. చలికాలం జింకల వేటకి వచ్చేవాళ్లు, ఉద్యోగాలు విరమించి వచ్చి స్థిరపడేవాళ్లు సరేసరి. ముక్కూ మొహం తెలియనివాళ్లు వారాల తరబడి వచ్చి ఉండడం, వాళ్లకి తిండీ పడకా చూడడం ఈ ఊరికి తరాలుగా అలవాటు. ఆ అలవాటే లేకపోతే, గిటార్లు భుజాన వేసుకున్న వేలమంది జనం ఏటా వచ్చి గుడారాలు వేసుకుంటామంటే ఇంత ముసలి ఊరు ఒప్పుకునేది కాదని నా నమ్మకం.

క్షయతో వచ్చినవాళ్లలో ఒకాయన పేరు జిమ్మీ రాడ్జర్స్. మిసిసిపీ రాష్ట్రంవాడు, రైల్లో బ్రేకులు వేసే ఉద్యోగం. రోగం బయటపడ్డాక ఆ ఉద్యోగం చేయలేక, పాటే బతుకుతెరువు చేసుకున్నాడు. 1927లో బ్రిస్టల్ అనే ఊళ్లో మొదటిసారి రికార్డు ఇచ్చాడు. ఏడాది రెండేళ్లలో అమెరికా దక్షిణాది అంతా ఆయన గొంతు మోగింది. ఇవాళ ఆయన్ని కంట్రీ సంగీతానికి పితామహుడంటారు. 1929లో ఆరోగ్యం కోసం కెర్విల్ వచ్చి పెద్ద ఇల్లు కట్టుకున్నాడు. ఖర్చు మోయలేక కొన్నేళ్లకే ఇల్లు వదులుకుని శాన్ ఆంటోనియోకి మారాడు. 1933లో న్యూయార్క్ వెళ్లి, స్టూడియోలో మంచం వేయించుకుని, ఒక పాటకీ మరో పాటకీ మధ్య దానిమీద నడుం వాలుస్తూ రికార్డులు చేశాడు. మే 26న అక్కడే పోయాడు. 35 ఏళ్లు. మా ఊళ్లో పాటల పండగ జరిగే రోజుల్లోనే ఆ తేదీ దాదాపు ఏటా వస్తుంది. పండగ పెట్టినవాళ్లు లెక్కచూసి పెట్టిన ముహూర్తమేమీ కాదు, మే చివర వచ్చే మెమోరియల్ డే సెలవుల వల్ల అలా కుదిరింది.

ఆ పండగ, కెర్విల్ ఫోక్ ఫెస్టివల్, పెట్టింది రాడ్ కెనడీ. 1930లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలోలో పుట్టాడు. మెరీన్ దళంలో పనిచేసి, టెక్సస్ విశ్వవిద్యాలయంలో చదివి, ఆస్టిన్‌లో రేడియో స్టేషన్ నడిపాడు. జాజ్ ఉత్సవాలు చేశాడు, జిల్కర్ పార్కులో వేసవి కచేరీలు పెట్టాడు, జానపద గాయకుల కోసం ఒక క్లబ్బు నడిపాడు. రేసు కార్ల పిచ్చి ఒకటి అదనం. వేదికెక్కి మాట్లాడితే రేడియో గొంతు, కింద ఎవరైనా గుసగుసలాడితే మాత్రం సైన్యం గొంతు. పాట సాగుతుండగా మాట్లాడకూడదని ఆయన పెట్టిన పట్టుదల ఈ పండగకి పునాది. టెక్సస్‌లో పాటకాడు సాధారణంగా బీరు గ్లాసుల చప్పుడు మధ్య పాడతాడు. కెర్విల్‌లో ఆ చప్పుడు లేకపోవడమే మొదట వచ్చినవాళ్లకి వింతగా తోచింది.

1972లో టెక్సస్ రాష్ట్ర కళలు, చేతిపనుల ప్రదర్శన ఒకటి కెర్విల్‌లో మొదలైంది. పగలు ప్రదర్శన చూసినవాళ్లకి సాయంత్రం ఏదైనా సంగీతం ఉంటే బాగుంటుందని అడిగితే కెనడీ ఒప్పుకున్నాడు. జూన్ 1 నుంచి 3 వరకు, 1,200 కుర్చీలున్న మున్సిపల్ ఆడిటోరియంలో. మూడు రాత్రులకీ కలిపి 2,800 మంది వచ్చారు. వాళ్లలో మాజీ అధ్యక్షుడు లిండన్ జాన్సన్, ఆయన భార్య లేడీ బర్డ్ కూడా ఉన్నారు. వాళ్ల రాంచ్ మా పక్క కౌంటీలోనే ఉంది. మరుసటి జనవరిలో ఆయన పోయారు. ఆ ఆడిటోరియం తర్వాత రూపురేఖలు మారి కయూ థియేటర్ అయింది. ఇప్పుడు అందులో నాటకాలూ సింఫనీ కచేరీలూ జరుగుతుంటాయి.

మొదటి ఏడు పాడినవాళ్లలో కెనెత్ త్రెడ్‌గిల్ ఉన్నాడు. ఆస్టిన్‌లో పెట్రోలు బంకునే బీరుకొట్టుగా మార్చి నడిపిన ముసలాయన. 1960ల మొదట్లో, ఇంకా ఎవరికీ తెలియని కాలేజీ పిల్ల జానిస్ జాప్లిన్ ఆ కొట్లోనే పాడేది. త్రెడ్‌గిల్ జీవితమంతా ఆరాధించింది జిమ్మీ రాడ్జర్స్‌ని. గొంతు విరిచి పాడే ఆ యోడెల్ పద్ధతిని ఆయన దగ్గర్నుంచే పట్టాడు. అలా, రోగంతో ఊరు వదిలివెళ్లిన మనిషి పాట నలభై ఏళ్ల తర్వాత అదే ఊళ్లో వేదికెక్కింది. ఇప్పుడు పండగ జరిగే రాంచ్‌లో చిన్న వేదికకి త్రెడ్‌గిల్ పేరే.

రాంచ్ సంగతికొస్తాను. రెండో ఏటికే ఆడిటోరియం చాల్లేదు. కెనడీ 1973 చివర్లో ఊరికి దక్షిణాన తొమ్మిది మైళ్ల దూరంలో, 16వ నంబరు రోడ్డు పక్కన, సుమారు అరవై ఎకరాలు కొన్నాడు. దాని పేరు క్వయెట్ వ్యాలీ రాంచ్. 1974 నుంచి పండగ అక్కడే. ఓక్ చెట్లు, జునిపర్ పొదలు, అడుగు వేస్తే తెల్లగా లేచే సున్నపు దుమ్ము. వేదికకి కప్పుంది, వినేవాళ్ల నెత్తిన ఆకాశమే. మూడు రాత్రుల కార్యక్రమం ఏడాదికి కొంచెం కొంచెంగా పెరిగి 18 రోజులైంది.

ఈ పెరుగుదలని చూసి కెనడీ బాగా సంపాదించాడనుకుంటారేమో. మే నెలాఖరు మా దగ్గర ఉరుముల వానల కాలం. కప్పులేని చోట వాన పడిందంటే టికెట్ల డబ్బు ఆ రాత్రికి గల్లంతే. వాన ముంచిన ఏళ్లు ఒకటి రెండు కాదు. అప్పు చేయడం, తీర్చడం, మళ్లీ చేయడం. దానికితోడు ఆయన తీసుకున్న నిర్ణయం ఒకటుంది: పేరుమోసిన స్టార్ల కోసం పరుగెత్తకుండా, తమ పాట తామే కట్టి తామే పాడేవాళ్లకే వేదికివ్వడం. ఎవరికీ తెలియని వాగ్గేయకారుల్ని చూపించి టికెట్లమ్మడం ఎంత కష్టమో వ్యాపారం తెలిసిన ఎవరినడిగినా చెబుతారు. పండగని లాభాపేక్ష లేని సంస్థగా కాగితం మీద రాసుకున్నది 2008లోనే. లాభం లేకపోవడం మాత్రం మొదటి వానతోనే మొదలైంది.

పాట కట్టేవాళ్లకే వేదిక అన్న ఆ నిర్ణయానికి నడిబొడ్డు 'న్యూ ఫోక్'. మొదటి ఏడే గాయకుడు పీటర్ యారో, పీటర్-పాల్-మేరీ త్రయంలోని ఆయన, కెనడీతో చెప్పాడట, కొత్తగా పాట కట్టేవాళ్లకి వేరే కచేరీ పెట్టమని. దేశమంతటి నుంచీ ఏటా వందల పాటలు వస్తాయి. అందులోంచి కొద్దిమందిని ఏరి రాంచ్‌కి పిలుస్తారు. ఏళ్ల తరబడి ఆ సంఖ్య 32. ఒక్కొక్కరికీ రెండు పాటలు, రెండూ సొంతవే. మధ్యాహ్నపు ఎండలో త్రెడ్‌గిల్ వేదిక మీద ఒకరి తర్వాత ఒకరు వచ్చి పాడి దిగిపోతారు. పేరున్న పాటకర్తలే న్యాయనిర్ణేతలు. ఆరుగురు గెలుస్తారు. గెలిచినవాళ్లకి కొంత డబ్బు, ఇంకోసారి పాడే అవకాశం. అంతకన్నా పెద్దది, ఆ తర్వాత జీవితాంతం పరిచయంలో చెప్పుకునే ఒక్క వాక్యం.

ఆ వాక్యం చెప్పుకున్నవాళ్ల జాబితా చూడండి. 1978లో నాన్సీ గ్రిఫిత్. 1979లో టిష్ ఇనొహోసా. లైల్ లవెట్ ఒకసారి వచ్చి గెలవలేక, 1982లో మళ్లీ వచ్చి గెలిచాడు. 1983లో రాబర్ట్ ఎర్ల్ కీన్, 1984లో జాన్ గోర్కా, 1987లో జేమ్స్ మెక్‌మర్ట్రీ. స్టీవ్ ఎర్ల్ తుదిదాకా వచ్చి గెలవలేదు, ఆ తర్వాత ఆయన ఎంత పెద్ద పాటకర్త అయ్యాడో లోకానికి తెలుసు. న్యాయనిర్ణేతలు తప్పుచేశారని నేననను. రెండు పాటలతో మనిషిని తూచడం ఎవరి తరమూ కాదు. ఆ సంగతి ఒప్పుకుంటూనే ఆ తూకం ఇన్నేళ్లుగా నిజాయితీగా వేస్తున్నారు, అది నాకు నచ్చుతుంది.

పెద్ద వేదిక మీద జరిగేది సగమే. మిగతా సగం అర్ధరాత్రి దాటాక, గుడారాల మధ్య నడుస్తుంది. ఏళ్లుగా వచ్చేవాళ్లు తమ క్యాంపులకి పేర్లు పెట్టుకున్నారు: క్యాంప్ క్విజీన్, క్యాంప్ కోహో, ఇంకా ఎన్నో. గేట్లు తెరిచే రోజున తమ పాత చెట్టు కింద జాగా దక్కించుకోవడానికి బళ్లు బారులు తీరి పరుగెడతాయి, దాన్ని 'ల్యాండ్ రష్' అంటారు. మన తిరునాళ్లలో బళ్లు విడిచే చోటు కోసం పడే హడావుడి గుర్తొస్తుంది. గేటు దగ్గర కొత్తవాడికైనా పాతవాడికైనా ఒకే పలకరింపు: ఇంటికొచ్చావు, రా అని.

ఒక రాత్రి నేను కూర్చున్న గుంపు సంగతి చెబుతాను. మంట వేయలేదు. గాలి పొడిగా ఉంటే కౌంటీవాళ్లు మంటలు నిషేధిస్తారు, అందుకని మధ్యలో ఒక లాంతరు పెట్టారు. చుట్టూ పది పన్నెండు మడత కుర్చీలు. గిటారు చేతులు మారదు, ఎవరిది వాళ్లదే. మారేది వంతు. కుడిచేతి వైపు నుంచి ఒక్కొక్కరు ఒక్క పాట. వంతు వచ్చినా పాడనక్కర్లేదు, పక్కవాడికి తలూపితే చాలు. ఒక ముసలావిడ శ్రుతి చేసుకుంటూ చాలాసేపు తీసుకుంది, ఎవరూ తొందరపెట్టలేదు. ఆవిడ పాట మధ్యలో మాట మరిచిపోయి ఆగిపోతే, పక్కన ఎవరో ఆ తీగల వరసనే మెల్లగా వాయిస్తూ ఉండిపోయారు, ఆవిడకి గుర్తొచ్చేదాకా. ఆవిడ తర్వాతి వంతు, ఆ సాయంత్రం పెద్ద వేదిక మీద పాడి వచ్చినాయనది. ఆయనకీ ఒక్క పాటే. చప్పట్లు కూడా పెద్దగా ఉండవు. ఓ 'ఊఁ', ఓ చిన్న నవ్వు, వంతు ముందుకి. వేరేవాళ్ల పాట పాడితే ఎవరూ తిట్టరు గానీ, తర్వాత వంతుకి నీదేదైనా ఉందా అని అడుగుతారు.

పగటిపూట దీనికి కొంచెం పద్ధతైన రూపం బ్యాలడ్ ట్రీ. చాపెల్ హిల్ అనే చిన్న గుట్ట మీద చెట్టు కింద పేరు రాయించుకుంటే ఎవరైనా పాడొచ్చు. ఆదివారం పొద్దున అదే గుట్ట మీద పాటలతో ప్రార్థన జరుగుతుంది. పండగ ముగిసేటప్పుడు అందరూ కలిసి పాడేది బాబీ బ్రిడ్జర్ కట్టిన 'హీల్ ఇన్ ద విజ్డమ్'. దాన్ని ఈ పండగకి గీతమంటారు.

ఇంత జరుగుతున్నా ఊళ్లో సగంమంది ఆ గేటు దాటి ఎరగరు. మా పక్కింటావిడ ఇక్కడే పుట్టి పెరిగింది. "వెళ్లారా ఎప్పుడైనా?" అని అడిగితే, "ఆ హిప్పీల దగ్గరికా?" అంది. తొమ్మిది మైళ్లే గానీ ఊరికీ రాంచ్‌కీ మధ్య ఉన్న దూరం అంతకన్నా ఎక్కువ. ఇది చర్చిలూ తుపాకులూ బాగా ఉన్న, సంప్రదాయవాదుల ఊరు. అక్కడ పోగయ్యేది చెప్పుల్లేకుండా తిరిగే జనం. అయినా మే నెలాఖరుకి హెచ్‌ఈబీ కిరాణా కొట్లో ఐసు మూటల కోసం వరస కట్టినవాళ్ల కాళ్లకి తెల్లదుమ్ము చూసి, కౌంటర్లో పిల్ల "ఈ ఏడు ఎవరు బాగా పాడుతున్నారు?" అని అడుగుతుంది. హార్డ్‌వేర్ కొట్లో గుడారం మేకులు ముందువరసకి వస్తాయి. ప్రేమ అనలేను గానీ, పొత్తు కుదిరింది.

కెనడీకి వయసు మీదపడింది. 1999లో పండగనీ రాంచ్‌నీ తన పాత అభిమాని వాన్ హాఫ్నర్‌కి అమ్మాడు. ఇంకో మూడేళ్లు తానే నడిపి 2002లో తప్పుకున్నాడు. ఆ తర్వాత డాలిస్ అలెన్ నిర్మాతగా ఏళ్ల తరబడి మోసింది. ఇక్కడ ఇంకో పండగైతే రెండు దారుల్లో ఒకటి పట్టేది: ఏదో పెద్ద కంపెనీ కొనుక్కుని స్టార్లని దింపేది, లేదా స్థాపకుడితోపాటే ఆగిపోయేది. మూడో దారి దొరికింది. 2008లో టెక్సస్ ఫోక్ మ్యూజిక్ ఫౌండేషన్ కిందకి తెచ్చి, లాభాపేక్ష లేని సంస్థగా మార్చారు. పేరు తర్వాత కెర్విల్ ఫోక్ ఫెస్టివల్ ఫౌండేషన్ అయింది. యజమాని పోయి బోర్డు వచ్చింది. బోర్డులంటే నాకు గొప్ప మోజేమీ లేదు, మీటింగులూ తగవులూ వాటితో వస్తాయి. కానీ చెత్త ఎత్తేవాళ్లు, గేటు దగ్గర నిలబడేవాళ్లు, వంటశాలలో గరిటె తిప్పేవాళ్లు, వైర్లు లాగేవాళ్లు అందరూ స్వచ్ఛందంగా వచ్చే చోట యజమాని ఒక్కడే అని ఎంతకాలం అనగలరు? చట్టం ఆలస్యంగా తెలుసుకుంది. కెనడీ 2014 ఏప్రిల్‌లో, 84వ ఏట పోయాడు.

సంస్థ అయ్యాక చందాలు అడగడానికి దారి ఏర్పడింది. చందా అడిగితే ఏం నేర్పుతున్నారో చెప్పాలి కూడా. నిజానికి నేర్పడం అంతకుముందు నుంచే ఉంది. పండగ రోజుల్లోనే పాటకర్తల బడి నడుస్తుంది: మూడు రోజులు, పాఠాలు చెప్పేది ఆ వేదిక మీద పాడేవాళ్లే. పల్లవి ఎక్కడ విరవాలి, ఏ మాట తీసేయాలి అని ఒకరి పాట అందరి ముందూ విప్పి మళ్లీ కడతారు. నాకు దానికన్నా ముఖ్యమనిపించేది బడిపంతుళ్ల కోసం పెట్టిన తరగతి. చరిత్రో భాషో చెప్పే టీచర్లు వచ్చి, జానపద పాటతో పాఠం ఎలా చెప్పొచ్చో నేర్చుకుంటారు. రైలుమార్గాలు వేసిన కూలీల గురించి పుస్తకంలో రెండు పేరాలు చదివించడం వేరు, వాళ్లు సమ్మెట దెబ్బకి పాడుకున్న పాట క్లాసులో పాడించడం వేరు. హాజరైన గంటలు వాళ్ల ఉద్యోగపు శిక్షణ కింద లెక్కవుతాయి. ఒక పాటకర్తకి నేర్పితే ఒక ఆల్బం వస్తుంది. ఒక టీచరుకి నేర్పితే ఏడాదికి నూట యాభై మంది పిల్లలకి చేరుతుంది. దాతలు వేదికల మీద పేర్లు వేయించుకుంటారు గానీ, నన్నడిగితే ఆ డబ్బు ఈ తరగతికే పెట్టమంటాను.

2025 పండగ జూన్ 8న ముగిసింది. నెల తిరక్కుండానే, జూలై 4 తెల్లవారుజామున, గ్వాడలూప్ పొంగింది. హంట్ దగ్గర ముప్పావు గంటలో నీరు ఇరవై అడుగులకి పైగా లేచింది. మా ఒక్క కౌంటీలోనే వందమందికి పైగా పోయారు. క్యాంప్ మిస్టిక్ అనే వేసవి క్యాంపులో పిల్లలూ వాళ్లని చూసుకునే అమ్మాయిలూ కలిపి 27 మంది. ఈ నదికి ఇది కొత్త కాదు, 1987 జూలైలో కంఫర్ట్ అనే ఊరి దగ్గర చర్చి క్యాంపు నుంచి తిరిగొస్తున్న బస్సు వరదలో చిక్కి పదిమంది పిల్లలు పోయారు. ఆ సంగతి తెలిసిన ఊరే ఇంకోసారి చూసింది. నది దాపున బతుకుతూ ఎగువన హెచ్చరిక సైరన్లు లేకుండా ఇన్నేళ్లు ఎలా గడిపామన్న ప్రశ్న ఇంకా ఊళ్లో నలుగుతూనే ఉంది, నలగాలి కూడా.

ఆ వేసవిలో కెర్విల్ పేరు ప్రపంచమంతా విన్నది చావువార్తగా. రాబర్ట్ ఎర్ల్ కీన్, 1983 న్యూ ఫోక్ విజేత, మా ప్రాంతంలోనే స్థిరపడినవాడు, తోటి గాయకుల్ని పోగుచేసి ఆగస్టులో న్యూ బ్రౌన్‌ఫెల్స్‌లో వరద బాధితుల కోసం కచేరీ పెట్టాడు. రెండు పాటలు పాడమని పిలిచిన ఊరికి ఆయన నలభై రెండేళ్ల తర్వాత చేసిన పని అది. మా పక్కింటావిడ దాన్ని టీవీలో చూసింది. ఈసారి రాంచ్‌కి తనని కూడా తీసుకెళ్లమంది. వస్తుందో రాదో చూడాలి, దుమ్ము పడదావిడకి.

న్యూ ఫోక్ పెట్టమన్న పీటర్ యారో అదే ఏడు జనవరిలో పోయాడు. న్యూ ఫోక్ ఆగలేదు.

ఆస్టిన్, శాన్ ఆంటోనియోల్లో తెలుగువాళ్లం వేలల్లో ఉన్నాం. త్యాగరాజ కీర్తనలు పిల్లలకి శ్రద్ధగా నేర్పిస్తాం, పోటీలకి తీసుకెళతాం. సొంతంగా పాట కట్టిన పిల్లని మాత్రం చదువు పాడవుతుందని మందలిస్తాం. అలాంటి పిల్లో పిల్లాడో ఇంట్లో ఉంటే ఒక్క రాత్రి ఇక్కడికి తీసుకురండి. మెమోరియల్ డేకి ముందు గురువారం మొదలవుతుంది. ఊళ్లోంచి 16వ నంబరు రోడ్డు మీద దక్షిణంగా తొమ్మిది మైళ్లు. పగలు ఎండ మండుతుంది, టోపీ ఉండాలి. వానకోటు ఎప్పుడూ బండిలో ఉంచుకోండి. కుర్చీ మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.